ముందు పోయిన నిమ్మకాయ

సంచి అడుగున దుప్పటి మడిచి పెట్టింది చెంగమ్మ. దాని మీద రెండు చుడీదార్లు, దువ్వెన, కొబ్బరినూనె సీసా, పెంచలకోనలో పూజ చేయించి తెచ్చిన ఎర్రతాడు. కూతురికి ఊరికే జలుబు చేస్తుందని ఒక స్వెట్టరు కూడా దూర్చింది. పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఇంకా ఆవిరి కక్కుతోంది.

"నేను పోయేది కాశ్మీరుకు కాదుమా," అంది కామాక్షి గడప మీద కూర్చుని జడ అల్లుకుంటూ. "గదిలోకి పోతా, తలుపు తీస్తే బయటికి వస్తా. నాకు రెప్ప వేసి తీసినంతే. ఆ స్వెట్టరు రెప్ప మూసినప్పుడు తొడుక్కోవాల్నా, తెరిచినప్పుడా?"

"నీకు రెప్పపాటే. నాకు మూడు నెలల పైన గదా. నా కోసరం తీసకపో."

చెంగమ్మకు సంచులు కట్టడమంటే భయం. మరిది సుబ్బయ్య మద్రాసు ఆసుపత్రికి పోయినప్పుడు సంచి కట్టింది ఆమే. అభ్రకం గనిలో దుమ్ము మింగీ మింగీ అతని ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడ్డాయి. మందు వస్తోంది, రెండు నెలల్లో వచ్చేస్తుంది అన్నారు డాక్టర్లు. మందు వచ్చింది. దానికంటే ముందే సుబ్బయ్య సంచి ఒక్కటే తిరిగి ఇంటికొచ్చింది. చొక్కాలు ఆమె మడిచి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కామాక్షి ఫిజిక్సు చదివింది అప్పుడే. చదువయ్యాక ఎక్కడికీ పోలేదు. గూడూరు పైన, ఎప్పుడో మూతబడిన అభ్రకం గనిలో ప్రయోగశాల పెట్టిన డాక్టర్ హైమవతి దగ్గర చేరింది. గుంత అడుగున ఒకచోట అభ్రకం పొర మీద పొరగా, మూసిన పుస్తకంలా నిలబడి ఉంది. ఆ పొరల నడుమ ఒక గది తొలిపించి, ఇనుప తలుపు పెట్టించి, బయట ఒక పిడి బిగించింది హైమవతి. రాయి పెట్టి పిడి తిప్పితే రాయి మాయమైంది. మర్నాడు అదే వేళకు తిరిగొచ్చింది. కోడిపెట్టను పెడితే అది పది రోజులకు వచ్చింది. ముక్కున పట్టిన జొన్నగింజను అప్పటికింకా మింగలేదు.

"చిన్నాయనను ఆ రెండు నెలలు ఈ గదిలో పెట్టి ఉంటే?" అని కామాక్షి ఒకసారి అంది. ఆ తర్వాత ఆమెను ఆపడానికి చెంగమ్మ నోరు లేవలేదు.

"ఇంకో కోడిని పంపి చూడొచ్చు గదే," అంది ఇప్పుడు, ఆఖరి ఆశగా.

కామాక్షి జడ వదిలేసి తల్లివైపు తిరిగింది. "ఆ గదికి రెండే గుర్తుంటాయి మా. పోయినసారి ఎన్నాళ్ళు పట్టింది, అంతకు ముందుసారి ఎన్నాళ్ళు పట్టింది. పోయినసారిది పదింతలు చేస్తాది, ముందుసారిది తీసేస్తాది. అదే ఈసారి గడువు. మేడం చిన్న అభ్రకం పలకతో చేసినప్పుడు ఈ లెక్క సెకన్లలో వచ్చింది. పెద్ద గదిలో రోజుల్లో వస్తా ఉండాది. రాయికి ఒకటి, కోడికి పది. పది పదులు నూరు, ఒకటి తీసెయ్. తొంభై తొమ్మిది. కోడిని పంపితే ఆ తొంభై తొమ్మిదీ కోడి తినేస్తాది. ఆ తర్వాత పోయే మనిషికి తొమ్మిది వందల ఎనభై. మనిషి పోగలిగింది ఇప్పుడే. నేను తిరిగొస్తే, మనిషికి ఏమీ కాదని తేలితే, ఆ పదింతల్ని ఎట్టా ఆపాలో ఆ తర్వాత చూస్తాం."

చెంగమ్మ విన్నది. వింటూ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. భర్త పెంచలయ్య నిమ్మచెట్టు కింద నిలబడి, ఆకుతో సహా ఒక కాయ తెంచి తువ్వాలులో కట్టుకుంటున్నాడు. గూడూరు వైపు నిమ్మకాయ తెంచడాన్ని ఎవరు పట్టించుకుంటారు. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

పెంచలయ్య లోపలికి వచ్చి కూతురి నెత్తిన చెయ్యి పెట్టాడు. పదహారో ఏట గనిలోకి దిగిన మనిషి. ఇప్పుడు అదే గుంతలో, ప్రయోగశాల వాళ్ళ లిఫ్టు నడుపుతున్నాడు.

"నాయనా, ముందే చెప్తా ఉండా," అంది కామాక్షి. "అలవాటుకొద్దీ నువ్వు తాడు ఊపతావు. నేను మళ్ళా ఊపలేను. అలగొద్దు."

"ఊపితే జవాబు రావాల. రాకపోతే దిగటమే," అన్నాడాయన నవ్వుతూ. "నువ్వు ఫిజిక్సు చదివినావని మా లెక్క మారదు."

అది గని లెక్క. లోపలికి దిగినవాడికి పైన ఒక జోడీ ఉంటాడు, తాడు వాడి చేతిలో ఉంటుంది. చెప్పిన వేళకు లోపలివాడు పైకి రాకపోతే జోడీ తాడు ఊపుతాడు. జవాబు వస్తే సరే. రాకపోతే ఎవరినీ అడగకుండా తనూ దిగుతాడు. పెంచలయ్య అట్లా రెండుసార్లు దిగి సుబ్బయ్యను భుజాన వేసుకొచ్చాడు. ఆసుపత్రిలోకి మాత్రం దిగలేకపోయాడు.

"ఇడ్లీలు ఇంకో రెండు పెట్టుమా," అంది కామాక్షి. "వచ్చినాక ఆడనే గుంత కాడ నాయనా నేనూ తింటాం."

"మూడు నెలల ఇడ్లీలా?"

"వేడిగానే ఉంటాయి. అదే గదా మేము చేసిన పని."

చెంగమ్మ అరటాకు చుట్టి, కారప్పొడి నూనెలో తడిపి, డబ్బాలో ఇంకో రెండు పెట్టింది.

పెంచలయ్య అందరికంటే ముందు గుంతకు పోయాడు. తల్లీకూతుళ్ళు పోయేసరికి ప్రయోగశాల వాళ్ళంతా పైన షెడ్డు ముందు ఫొటోలు దిగుతున్నారు. హైమవతి చెంగమ్మ రెండు చేతులూ పట్టుకుని, "మీ అమ్మాయిని మీకు అప్పగించే పూచీ నాది," అంది. యాభై ఏళ్ళ మనిషి, పెద్దగా నవ్వదు. ఆ రోజు నవ్వింది.

కిందికి దిగేసరికి పెంచలయ్య తలుపు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. ముఖం నిమ్మళంగా ఉంది.

"దారి చూసినాలే. అంతా బాగుండాది," అన్నాడు.

ముసలి గనివాడి మాట అనుకుని అందరూ నవ్వారు.

కామాక్షి సంచి భుజాన వేసుకుంది. "పోయొస్తా మా."

"పోయిరా," అంది చెంగమ్మ. తలుపు మూశారు. హైమవతి పిడి తిప్పింది. నింపాదిగా ఇరవై అంకెలు లెక్కపెట్టేంత వ్యవధి. అప్పుడు రాతిలోంచి, పచ్చి చింతబరికెలు మంటలో వేసినట్టు పెళపెళమని చప్పుడు. తలుపు తీస్తే గది ఖాళీ. కొబ్బరినూనె వాసన మాత్రం మిగిలింది. చెంగమ్మ ఆ వాసన పోయేదాకా అక్కడే నిలబడింది.

అది బుధవారం. ఎండాకాలం అట్లా గడిచింది. ఆవకాయ పట్టింది, నిమ్మకాయ ఊరేసింది. కామాక్షి ఏదని ఇరుగుపొరుగు అడిగితే బెంగళూరులో ట్రైనింగని చెప్పింది. పెంచలయ్య రోజూ పనిలోకి దిగగానే ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఆ తర్వాతే లిఫ్టు దగ్గరకు పోయేవాడు. ఇంటికొచ్చాక చెంగమ్మ అడిగేది, "ఎట్టుండాది?"

"చల్లంగా ఉండాది," అనేవాడు, కూతురి ఒళ్ళు తాకి వచ్చినట్టు.

తొంభై తొమ్మిదో రోజు గురువారం. పదిన్నరకు రావాలి. తొమ్మిది నుంచే అందరూ తలుపు ముందు ఉన్నారు. పది కూడా కాకముందే రాతిలో పెళపెళమంది.

హైమవతి చేతి గడియారం చూసుకుంది. "ముందే వచ్చేసింది," అని తలుపు లాగింది.

గది మధ్యలో, నేల మీద, ఒక నిమ్మకాయ ఉంది.

చెంగమ్మ వంగి దాన్ని తీసింది. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టిన కాయ. కుంకుమ తడి ఆమె వేలికి అంటింది. తొడిమ తెంచినచోట ఇంకా జిగురుగా ఉంది. ఆకు వాడలేదు. ఏ చెట్టు కాయో ఆమెకు తెలుసు.

"ఇది ఇక్కడికి ఎట్లా వచ్చింది?" అంది హైమవతి.

"నేనే పెట్టినానమ్మా," అన్నాడు పెంచలయ్య.

"ఎప్పుడు?"

"ఆ పొద్దే. పాప పోయే ముందర. మీరు పైన ఫొటోలు దిగతా ఉండారు, ఆ సందట్లో చప్పుడు మీకు వినపడినట్టు లేదు. కొత్త గుంతలోకి మనిషి కంటే ముందు నిమ్మకాయ పోవాల గదమ్మా. దానికేం కాకపోతే మనిషికీ ఏం కాదు. పిడి తిప్పినా, పోయింది. మంచిదే అనుకున్నా."

హైమవతి గోడకు ఆనుకుని మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది. కోడి తినేస్తుందని కామాక్షి చెప్పింది చెంగమ్మకు గుర్తొచ్చింది. నిమ్మకాయ కూడా తింటుందని ఆ పూట ఆమెకు తట్టలేదు.

"పిడికి తాళం వేయలేదు నేను," అంది హైమవతి. "ఇంతమందిమి ఉన్నాం. ఒక తాళం వేయాలని ఎవరికీ తోచలేదు."

"పాప ఏదమ్మా?" అన్నాడు పెంచలయ్య.

హైమవతి, లెక్క తప్పయి ఉండాలని కోరుకుంటూ పదిన్నర దాకా కూర్చుంది. పదిన్నర అయింది. చప్పుడు లేదు. ఇంకో పావుగంట చూశారు.

"ఈ రోజు రాదు," అంది.

చెంగమ్మను ఇద్దరు పట్టుకుని లిఫ్టులో కూర్చోబెట్టారు. పైకి తీసుకుపోయి నీళ్ళు తాగించాలన్నారు. హైమవతికి పైనుంచి ఫోన్లు చేయాలి. అందరూ లిఫ్టెక్కారు. పెంచలయ్య ఎక్కలేదు.

"నేను ఈడ ఉంటా. తాడు వదిలి రాకూడదు," అన్నాడు.

అక్కడ తాడు లేదు. ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు.

పైన షెడ్డులో చెంగమ్మ చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టి, పక్కనే కూర్చుంది హైమవతి. "చెంగమ్మ గారూ, వినండి. ఆ తొంభై తొమ్మిది నిమ్మకాయకు పోయింది. మీ అమ్మాయికి తర్వాతది పడింది. తొమ్మిది వందల ఎనభై రోజులు. రెండేళ్ళ ఎనిమిది నెలలు. కానీ వస్తుంది. పోయినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే వస్తుంది. మీరు నన్ను తిట్టండి, కొట్టండి. వస్తుందన్నది మాత్రం నమ్మండి."

"వస్తాది గదా?"

"వస్తుంది."

"అయితే సరే," అంది చెంగమ్మ. "ఆయనకు చెప్పండి. పాపం, ఆడనే కూర్చోనుండాడు."

అప్పుడే గుంతలోంచి పెళపెళమని చప్పుడు పైకి వచ్చింది.

గోడ మీద తెర ఉంది. కింది గది ముందు భాగం అందులో కనిపిస్తుంది. పెంచలయ్య ఇనుప తలుపు తెరిచి, ఖాళీ గదిలోకి తల పెట్టి చూస్తున్నాడు. మళ్ళీ మూసి, తలుపుకు చెవి ఆనించాడు. అరచేత్తో రెండుసార్లు తట్టాడు. మళ్ళీ చెవి ఆనించాడు.

"ఏం చేస్తున్నాడాయన?" అంది హైమవతి.

"తాడు ఊపినాడు," అంది చెంగమ్మ. ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే దాని అర్థం ఆమెకు తెలిసింది. "దిగతాడు. మేడం, ఆయన దిగతాడు."

హైమవతి లిఫ్టు వైపు పరుగెత్తింది. కిందికి కేక వేసే గొట్టం ఒకటి ఉండేది గానీ అది చెడిపోయి నెలలైంది. తెరలో పెంచలయ్య చెప్పులు విప్పి తలుపు పక్కన జతగా పెట్టాడు. తువ్వాలు మడిచి వాటి మీద వేశాడు. పాత గనివాళ్ళు చెప్పులతో దిగరు. పిడి తిప్పాడు.

"ఏమయ్యా, దిగొద్దయ్యా," అంది చెంగమ్మ తెరతో. "వస్తాదంట. నిదానంగా వస్తాదంట. ఇట్టా రాయ్యా."

ఆయన వంగి లోపలికి పోయి, తలుపు దగ్గరికి లాక్కున్నాడు. లిఫ్టు గొలుసు గలగలమంటూ ఇంకా సగందాకా కూడా పోలేదు. చెంగమ్మ తెర మీద చెయ్యి పెట్టింది. అద్దం వెచ్చగా ఉంది. రాతిలో మళ్ళీ పెళపెళమంది.

హైమవతి సాయంత్రం దాకా పైకి రాలేదు. వచ్చాక చెంగమ్మ ఎదురుగా నిలబడింది గానీ కూర్చోలేదు.

"ఎంత?" అంది చెంగమ్మ.

"ఈ రోజు ఆయన మొదటిసారి పిడి తిప్పినప్పుడు లోపల ఎవరూ లేరు. ఖాళీ గది పోయింది. అయినా లెక్కలోకి వచ్చింది. అది ఇరవై ఆరేళ్ళు."

"ఖాళీ గదికి ఇరవై ఆరేళ్ళా."

"అవును."

"ఆయనకో?"

హైమవతి చెప్పలేక చెప్పలేక చెప్పింది. "రెండు వందల అరవై మూడేళ్ళు."

చెంగమ్మకు ఏడుపు రాలేదు. ఆ అంకె ఏడవడానికి కూడా వీల్లేనంత పెద్దది. నూరేళ్ళు దాటిన దుఃఖాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. నిమ్మకాయ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

"ఆయనకు తెలుస్తాదా?"

"తెలియదు. ఆయనకు రెప్పపాటే. తలుపు తెరుచుకుంటుంది, కూతురి కోసం చూస్తాడు."

చెంగమ్మ సంత బస్సు గురించి అడిగినట్టు మామూలుగా అడిగింది. "నేను కూడా పోతే, ఆయన కాడికి పోతానా?"

"పోలేరు," అంది హైమవతి. "పదింతలవుతుంది. ఆయన్ని దాటిపోతారు. ఎవరు ఎవరి వెనక పోయినా అంతే చెంగమ్మ గారూ. కలుసుకోరు. దాటిపోతారు."

ఆ తర్వాత పిడి ఊడదీశారు. విచారణలు జరిగాయి, మనుషులు వచ్చారు, పోయారు, ప్రయోగశాల మూసేశారు. నీళ్ళు తోడే పంపు మాత్రం ఆపకూడదని హైమవతి పట్టుబట్టింది. ఉద్యోగం పోయినా ఆమె ఊరు వదల్లేదు. గుంత దగ్గరే రెండు గదుల షెడ్డులో ఉండిపోయింది. రెండో వర్షాకాలంలో గుంతలోకి నడుము లోతు నీళ్ళు వచ్చినప్పుడు చీర ఎగదోపి పంపు పక్కన పడుకుంది.

చెంగమ్మ రోజూ పొద్దున్నే కిందికి దిగేది. ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనించేది. చల్లగా ఉండేది. చెప్పుల మీద పడ్డ దుమ్ము తుడిచేది, చోటు మార్చేది కాదు. ఎదురుచూడడం ఆమెకు తెలిసిన పనే. అయితే ఒకే తలుపు ముందు కూర్చుని ఒకరి కోసం చూడడం, ఇంకొకరి కోసం చూడకుండా ఉండడం, ఈ రెండూ కలిపి చేయడం ఆమెకు చాలా కాలం చేతకాలేదు. కూతురి కోసం చూస్తున్న కళ్ళే ఆయన కోసమూ చూసేవి. కొన్నాళ్ళకు ఆమె కళ్ళు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంది. చప్పుడు కోసమే వినేది.

చప్పుడు బుధవారం వచ్చింది, చెప్పిన రోజునే, చెప్పిన వేళకే.

తలుపు లోపలి నుంచే తెరుచుకుంది. కొబ్బరినూనె వాసన ముందు వచ్చింది. సంచి భుజాన వేసుకుని కామాక్షి బయటికి అడుగుపెట్టింది, పెదాల మీద ఇంకా ఆ నాటి నవ్వుతోనే.

"చూసినావా, స్వెట్టరు తొడుక్కోను టైమే లేదు," అంటూ తల్లిని చూసి ఆగిపోయింది. "ఏందిమా ఇది. మూడు నెలలకే జుట్టంతా తెల్లబడిందేంది? ఒంట్లో బాగలేదా?"

చెంగమ్మ ఆమె చేతులు, ముఖం, భుజాలు తడిమి చూసింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. కామాక్షి, తల్లి వెనక నిలబడ్డ హైమవతిని చూసింది. గోడల మీద నీటి చారలు చూసింది. ఆగిపోయిన దీపాలు చూసింది. పిడి ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు చూసింది.

"మేడం, ఎన్ని రోజులైంది?"

హైమవతి చెప్పింది. కామాక్షి పెదాలు లెక్క కట్టడం చెంగమ్మ చూసింది. పది తొంభై తొమ్మిదులు, అందులోంచి పది.

"నాకంటే ముందు ఎవరు పోయినారు?"

"నిమ్మకాయ," అంది హైమవతి.

కామాక్షికి అర్థమైంది. నవ్వబోయింది. "నాయనే అయ్యుంటాడు. యాడ ఆయన? మొహం చూపించను సిగ్గుపడి దాంకోనుండాడా? పిలువుమా. ఇడ్లీలు ఆరిపోతా ఉండాయి."

సంచిలోంచి డబ్బా తీసి తల్లి చేతికిచ్చింది. మూత తీస్తే చెంగమ్మ ముఖానికి ఆవిరి కొట్టింది. తను చుట్టిన అరటాకు, తను తడిపిన కారప్పొడి. ఆయనకని ఎక్కువ పెట్టిన రెండూ పైనే ఉన్నాయి. డబ్బా అడుగు అరచెయ్యి కాల్చింది. ఆమె వదల్లేదు.

కూతురి చూపు తలుపు పక్కకు పోయింది. జతగా పెట్టిన చెప్పులు, వాటి మీద మడిచిన తువ్వాలు.

"ఎప్పుడు?" అంది కామాక్షి.

"నువ్వు రావాల్సిన పొద్దు," అంది చెంగమ్మ. "తాడు ఊపినాడు. నువ్వు పలకలేదు."

కామాక్షి అక్కడే, తండ్రి గొంతుకూర్చునే చోటే కూర్చుంది. పెదాలు మళ్ళీ కదలబోయాయి. చెంగమ్మ తన కాలిన అరచేత్తో ఆ నోరు మూసింది. "లెక్క కట్టొద్దు తల్లీ," అంది. "నేను కట్టినాలే."

ఆయనకు సంచి ఎవరూ కట్టలేదు. పెంచలయ్య గదిలోకి పోయింది ఆషాఢం చివర, గురువారం, పదకొండు దాటాక. చెంగమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన తిరిగి రాలేదు. కామాక్షి బతికున్నన్నాళ్ళూ రాలేదు.